పెద్దనాన్న చెక్క స్కేలు

పోయిన నెల ఒక పొద్దున శంకర్ నగర్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. పెద్దనాన్న నిద్రలోనే పోయారట. నాన్నకు చెబితే "సరే, పద" అన్నారు. అంతే. చొక్కా గుండీలు మాత్రం ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని బయల్దేరారు.

రైల్వేలో ఇంజిన్ డ్రైవర్లకు పరీక్షలు పెట్టే చోట పెద్దనాన్న పనిచేశారు. దీపం వెలగగానే బటన్ నొక్కాలి. ఎంతసేపటికి నొక్కారో మిషను చెబుతుంది. అదేదో వేగం పోటీ అనుకుని ఈ హిందీ ఊళ్ళోని మన తెలుగు డ్రైవర్లు పొద్దున్నే స్టేషన్ బయట చాయ్ మీద చాయ్ తాగి వెళ్ళేవారు. తీరా దీపం వెలగకముందే నొక్కేసేవారు. ఆయన కోప్పడేవారు కాదట. "ముందు బాత్రూంకి ఎల్లి రండి, నెమ్మదిగా సూద్దాం" అనేవారట.

ఇంట్లో మిషను లేదు, చెక్క స్కేలు ఉండేది. ఆదివారాలు వరండాలో దాన్ని పైకొసన పట్టుకుని నిలువుగా వేలాడదీసేవారు. కిందికొస దగ్గర మనం బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి, తాకకూడదు. ఆయన చెప్పకుండా వదిలేస్తారు. ఎంత కిందగా పట్టుకుంటే అంత చురుకన్నమాట. నేనోసారి అడుగునే పట్టేసి గంతులేశాను.

"పట్టీసినావు, బావుంది. మళ్ళీ పట్టు."

ఈసారి సగం జారిపోయింది. ఆ తర్వాత అసలు దొరకనే లేదు. నాకు ఒళ్ళుమండింది. "ముందు పట్టిందే లెక్క!" అన్నాను.

"కాదే అమ్మలూ. సురుగ్గా పట్టడం ఎవడికైనా ఓపాలి కుదురుతాది. ఎప్పుడూ ఒక్కలాగుండాల. ఓపాలి అలాగ, ఓపాలి ఇలాగ ఉంటే తప్పు సేతి ఏళ్ళది కాదు. మజ్జలో దిమాగ్ ఎక్కడికో ఎల్లొస్తోందన్నమాట."

నాన్న ఇంజిన్ డ్రైవరు. నేను స్కూల్లో ఉండగా ఆయనకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. డ్యూటీలో చేరేముందు ధీమాగా అన్నగారింటికెళ్ళి స్కేలు పట్టారు. కొన్నిసార్లు అద్భుతంగా పట్టారు. కొన్నిసార్లు స్కేలు నేల మీద పడ్డాక వేళ్ళు మూసుకున్నాయి. పెద్దనాన్న చాలాసేపు వదులుతూనే ఉన్నారు.

"ఇంకో నెల సెలవు పెట్టు తమ్ముడూ."

"జొరం ఎప్పుడో పోయింది కదేటి! సగటున సూస్తే ఇప్పటికీ నానే ఫాస్టు."

"సగటు మీద బండి నడవదు. సిగ్నల్ కాడ నీకొచ్చేది ఒక్క ఛాన్సు. ఆ టైముకి దిమాగ్ ఇంట్లో ఉండాల. నీ ఎనకాల డబ్బాల నిండా మనుషులున్నారు. నువ్వు సెలవు పెట్టకపోతే ఆఫీసులో నానే చెప్పీస్తాను."

"అన్నవా, దుష్మన్‌వా?" అని నాన్న చెప్పులేసుకుని వచ్చేశారు.

సెలవైతే పెట్టారు. ఇంజిన్ ఆయనకు ప్రాణం. బళ్ళ కూతలు వింటూ మంచం మీద కూర్చుని, ఎవరు ఎదురుపడితే వాళ్ళ మీద విసుక్కునేవారు. తర్వాత పరీక్ష నెగ్గి మళ్ళీ బండెక్కారు, రిటైరయ్యేదాకా చల్లగా నడిపారు. అన్నగారింటికి రాకపోకలు సాగాయి కానీ, ఆ స్కేలు బయటికొస్తే చాలు, నాన్న లేచి గేటు దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు.

పెద్దనాన్న తనకూ మినహాయింపు ఇచ్చుకోలేదు. రిటైరయ్యాక నేను వెళ్ళినప్పుడల్లా నాచేత స్కేలు వదిలించి తాను పట్టేవారు. ఒక ఆదివారం ఆయన వేళ్ళు ఓసారి చక్కగా పట్టాయి, ఓసారి కదలనే లేదు. "వయసైంది కదా, చెయ్యి కాస్త నెమ్మదవుతుంది లెండి" అన్నాను.

"నెమ్మదైతే భయం నేదే. ఇది నెమ్మది కాదు" అని జేబులోంచి స్కూటరు తాళం తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత దగ్గర్లోని పండరీ బజారుకు కూడా రిక్షాలోనే వెళ్ళారు. పేర్లు మరచిపోవడం, ఇంటి దారి తప్పడం చాలాకాలానికి గానీ మొదలవలేదు. అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. తమ్ముడికి చెప్పిన మాట తనకూ చెప్పుకున్న మనిషి. ఆయన మీద నా గౌరవమంతా అక్కడే ఉంది.

కర్మలైపోయి చుట్టాలంతా వెళ్ళిపోయాక, నాన్న వరండాలో కాసేపు నిలబడ్డారు. మేకుకు వేలాడుతున్న స్కేలు తీసి నా చేతికిచ్చారు. దాని కిందికొస దగ్గర రెండు వేళ్ళూ తెరిచి పెట్టారు.

"వదులు."

వదిలాను. పట్టారు. ఎక్కడ పట్టారో చూసుకోలేదు. స్కేలు నాకు తిరిగిచ్చి, మళ్ళీ వేళ్ళు తెరిచారు.

"మళ్ళీ" అన్నారు.