నలభై శాతం అసమానత

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని నా గట్టి నమ్మకం. పోర్ట్‌బ్లెయిర్‌లో డిగ్రీ ముగించి, అక్కడే డిగ్నాబాద్‌లో ఒక జెరాక్స్ కొట్టులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసి చేసి, సర్కారు భాష నా నాలుక చివర ఉందనుకునేదాన్ని. (తెలుగు మాత్రం కూడబలుక్కుని చదివేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.) అందుకే తుష్నాబాద్ దాటాక ఉన్న మా ఊళ్ళో పిన్ని ఆడవాళ్ళ సంఘం పెట్టి, గ్రాంటు ఫారం నా చేతిలో పెట్టినప్పుడు, ఇదెంత పని అనుకున్నాను.

అసలు గొడవ గుండిగల గురించి. మా ఊళ్ళో తెలుగువాళ్ళకి, బెంగాలీలకి, తమిళులకి వేరువేరు సంఘాలు. ఒక్కో సంఘానికి ఒక్కో గది, గది నిండా పెళ్ళివంటల గుండిగలు, గరిటెలు, షామియానా. ఎవరివి వాళ్ళకే. తాతల కాలంలో అడవి పనికి రాంచీ నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం సంఘమూ లేదు, గుండిగా లేదు. పిన్ని పక్కింట్లో ఉండే రాంచీ దీదీ, కూతురి పెళ్ళికని మా తెలుగు సంఘం గుండిగలు అడిగింది. సెక్రటరీ మా మావయ్యే. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగే మనిషి. "మనోళ్ళకే ఇయ్యాలని రూలుందమ్మా" అన్నాడట. దీదీ వచ్చిన దారినే వెళ్ళిపోయిందట. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. వారం తిరక్కుండా నాలుగు భాషల ఆడవాళ్ళని పోగేసింది. సమానత్వం కోసం పనిచేసే సంఘాలకి సర్కారు గ్రాంటు ఇస్తుందని ఆరా తీసింది కూడా ఆమే.

ఫారంలో 'ఉద్దేశాలు' అని ఒక పెద్ద గడి. "అందరికీ గుండిగలు అని రాసియ్యే" అంది పిన్ని. నాకు నామోషీ అనిపించింది. గుండిగల కోసం సర్కారుకి రాస్తామా! 'సమాజంలోని సకల అసమానతల సమూల నిర్మూలన' అని హిందీలో దంచేశాను. వారానికల్లా తిరిగొచ్చింది. ఉద్దేశం కొలవడానికి వీలుగా ఉండాలి, గడువు చెప్పాలి అని ఎర్రసిరాతో రాసి ఉంది. ఓస్, అంతేనా అనుకుని, 'ఒక్క ఏడాదిలో ఊళ్ళో నలభై శాతం అసమానత తొలగించబడును' అని దిద్దాను. (వంద అంటే నమ్మరేమోనని నేనే తగ్గించాను.)

అర్జీలకి ఆఖరిరోజున పిన్నిని, దీదీని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరుగారు కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, హిందీలో అడిగారు. "ఏ నలభై శాతం, బేటీ? మిగతా అరవైలో ఎవరుంటారు?" నేను రాసిన వాక్యాన్నే మళ్ళీ చదివి వినిపించాను. దీదీ కుర్చీ అంచున కూర్చుని నేలచూపులు చూస్తోంది. అప్పుడు నిజంగా సిగ్గేసింది నాకు.

పిన్ని నన్ను పక్కకి తోసి ముందుకొచ్చి, తెలుగులో హిందీ కలిపేసి చెప్పింది. "సాబ్, దీనికి రాయడం వొచ్చు గానీ సెప్పడం రాదు. హమారే గాఁవ్ మే గుండిగలకి తాళం వుంది సాబ్. ఏ బాసోళ్ళు అడిగినా ఆ తాళం తియ్యాల. సబ్ కే లియే. మొదట ఈ దీదీ కూతురి పెళ్ళికి, వొచ్చే పున్నానికి. బస్, అంతే."

"ఇదీ ఉద్దేశం అంటే. ఇలాగే రాయండి" అన్నారాయన. అక్కడే కూర్చుని, పిన్ని మాట ఒక్కటీ వదలకుండా హిందీలో రాశాను. ఆయన ముద్ర వేసి రసీదు ఇస్తూ, గ్రాంటు వస్తే ఆరునెలలకి రావచ్చమ్మా అన్నారు. పున్నమికి పన్నెండు రోజులే ఉంది. నేను నీరుగారిపోయాను.

పిన్ని మాత్రం బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా, దీదీని చెయ్యిపట్టుకుని నేరుగా మావయ్య అరుగెక్కింది. "అన్నియ్యా, పున్నానికి దీదీకి గుండిగలు ఇత్తామని సర్కారుకి రాసిచ్చేసినాం. సంతకం నాది, రాత నీ మేనకోడలిది. నువ్వు తాళం తియ్యకపోతే మేవిద్దరం అబద్దాలకోర్లం అయిపోతాం. నీకది ఇష్టవేనా?"

"రూలు..." అన్నాడు మావయ్య.

"రూలు మార్సు. అందాకా ఈ అరుగు దిగను."

నిజంగానే దిగలేదు. చీకటిపడే వేళకి మావయ్య ఇంకా రూలు పుస్తకం వెతుకుతూ ఉంటే, అత్తయ్య విసిగిపోయి ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి దీదీ చేతిలో పెట్టింది. దీదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పెళ్ళయ్యాక ఆ గుండిగల మసి తోమే పని మాత్రం నాకే పడింది. (సమూల నిర్మూలన అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.)

గ్రాంటు ఆరునెలలకి కాదు, ఏడాదికి వచ్చింది. ఇప్పుడు నేను కూడా అలాంటి అర్జీలు చూసే ఆఫీసులోనే పనిచేస్తున్నాను. మొన్న ఒకమ్మాయి ఫారం తెచ్చింది. ఉద్దేశాల గడి నిండా పెద్దపెద్ద మాటలు. ఎవరి కోసమమ్మా, ఎప్పటికి అని అడిగితే మొహం వాడిపోయింది. కుర్చీ చూపించి, మీ అమ్మకైతే ఎలా చెప్తావో అలా చెప్పమన్నాను. ఆ పిల్ల చెప్తూంటే, నలభై శాతం తీసేస్తానని బయల్దేరిన నేను గుర్తొచ్చి నవ్వాగలేదు. పాపం, ఎంత ధైర్యమో అప్పటి నాకు! ఏ లెక్కన చూసినా నేను రాసిన కాగితాలతో తెరుచుకున్నది ఒక్క తాళమే. అది కూడా పిన్ని అరుగు దిగనంటేనే.