యాంటీబాడీ టెస్టుకు పస్తున్న రోజు

కెనడాలోని ఈ రెజైనాలో లేని కడుపుకు అభినందనలు అందుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే. అంతటి ఘనత ఎలా సాధించానో చెబుతాను. నవ్వుకోండి, ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను.

అప్పటికి నాకు రెండు గర్భాలు నిలవలేదు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు నా మీదే తిరగబడుతున్నాయేమో చూద్దామని డాక్టరు రక్తపరీక్ష రాశారు. మా ఆయన ఉద్యోగం కాల్గరీలో.

"సెలవు పెట్టి రానా?" అన్నాడు.

"సూది గుచ్చించుకోవడానికి ఇద్దరెందుకు?" అన్నాను.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు అందరికీ శుభవార్త చెప్పి, రెండుసార్లూ మళ్లీ ఫోన్ చేసి లేదని చెప్పుకున్నదాన్ని. మూడోసారి ఆ పని నావల్ల కాదు.

రక్తపరీక్షంటే పరిగడుపున వెళ్లాలని మనకు పుట్టుకతోనే తెలుసు కదా. ఎవరూ చెప్పకపోయినా ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేశాను. మంచినీళ్లూ ముట్టలేదు. ఏకాదశులు చేసే మా అమ్మమ్మకు కూడా ఇంత నిష్ఠ లేదు. ల్యాబ్‌లో ఒకదాని తర్వాత ఒకటి ట్యూబులు నింపుతుంటే, తీగ మీంచి తడిచీర జారినట్టు కుర్చీలోంచి జారిపోయాను.

కళ్లు తెరిచాక నర్సు అడిగింది. "తినొద్దని ఎవరు చెప్పారు? ఈ టెస్టుకు అక్కర్లేదే."

"ఎవరూ చెప్పలేదు."

ఆమె జ్యూస్ ఇచ్చింది. "మీరు డ్రైవ్ చేయకూడదు. ఎవరినైనా పిలవండి."

ఎవరిని? ఫోన్‌లో పేర్లు పైకీ కిందికీ జరిపాను. కొన్ని నెలలుగా అందరినీ తప్పించుకు తిరుగుతున్నది నేనే. చివరికి మా వీధిలో ఉండే రమణి ఆంటీకి చేశాను. "ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడ్డాను ఆంటీ. కాస్త రాగలరా?"

పెళ్లయిన పిల్ల కళ్లు తిరిగి పడిందంటే మనవాళ్లకు ఒకటే అర్థం. నాకది తట్టలేదు. ఆంటీ పెరుగన్నం డబ్బాతో, పెళ్లికొచ్చినంత సంబరంతో వచ్చింది.

"ఎన్నో నెలే?"

"అది కాదాంటీ."

"నా దగ్గర కూడా దాస్తావేంటే, పిచ్చిపిల్లా."

ఈలోగా నా ఫోన్ మోగడం మొదలైంది. అన్నీ అభినందనలే. ఒకావిడ ఏకంగా పేర్లే పంపింది, మగపిల్లాడైతే ఒకటి, ఆడపిల్లయితే రెండు.

"ఎవరికి చెప్పారాంటీ?"

"ఎవరికీ చెప్పలా. మన ఆడవాళ్ల గ్రూపులో పెట్టానంతే."

కారెక్కాక ఉన్నదంతా చెప్పాను. ఆంటీ స్టార్ట్ చేసిన ఇంజన్ ఆపేసింది.

"నువ్వెవరికీ ఏం చెప్పకు. పెట్టింది నేను" అని ఫోన్ తీసింది.

గ్రూపులో ఒక్క ముక్క పెట్టి ఊరుకోలేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "నాదే తొందర. పిల్ల పొద్దున టిఫిన్ తినలేదంట, అంతే." టెస్టు మాట ఎక్కడా రానివ్వలేదు. నేను పక్క సీట్లో పెరుగన్నం తింటూ విన్నాను. లేదని చెప్పే ఫోన్లు నాకోసం ఇంకొకరు చేయడం అదే మొదలు.

కనుక పాఠకుల సమక్షంలో, కడుపునిండా తిని, ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు అడగని ఉపవాసం ఈ జన్మలో మళ్లీ చేయను.