దుమ్ము తగలని పుస్తకాలు

రాబర్ట్‌సన్‌పేటలో మా టీషర్టుల అంగడికి సూపర్‌హీరోల బొమ్మలు వేసే డిజైనర్ ఒకాయన ఉండేవాడు. కామిక్ పుస్తకం కొన్నాడంటే చాలు, మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు అంటించేవాడు. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు.

"దుమ్ము చేరితే ఇంగ పోదప్పా," అనేవాడు. మాకది వట్టి చాదస్తంగా తోచేది.

ఒకనాడు వాళ్లింటికి వెళ్లాను. బంగారు గనిలో పనిచేసిన వాళ్ల నాయన మంచం మీద వంగి కూర్చుని దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా ఆయన టీషర్టు మీద కొడుకు గీసిన హీరో వణికిపోతున్నాడు.

"రొమ్ము నిండా గని దుమ్మేనప్పా," అన్నాడు డిజైనర్, తండ్రి వీపు నిమురుతూ.

వాళ్ల నాయన చనిపోయిన వారానికి కామిక్సన్నీ అంగడికి తెచ్చి, టేపులు చించి, మా ముందర కుప్పగా పోశాడు.

"చదువుకోండప్పా. ఇంగ దుమ్ము పడితే పడనీ."