చాయపత్త కట్టు

తొంభైల్లో ఒకరోజు, మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బస్సులో ఒక నర్సమ్మ నా పక్కన కూర్చుంది. ఒళ్లో టీకాల డబ్బా. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. రెండు రోజుల క్రితమే మా బ్యాచ్‌కూ శామీర్‌పేట బ్యాచ్‌కూ కత్తులతో కొట్లాట జరిగింది. నా కత్తి మెడకు తగిలినవాడు బతికాడో లేదో తెలియక, కనుక్కుందామనే ఆ బస్సెక్కాను. దవాఖానకు పోతే పోలీసులొస్తారని, తెగిన నా అరచేతిలో చాయపత్త, అంటే టీపొడి, కూరి రుమాలు కట్టుకున్నాను.

"దాంట్ల ఏం వెట్టినవ్ బిడ్డా?" అంది రుమాలు చూసి.

"చాయపత్త, అమ్మా."

"ఒకలు చాయపత్త, ఒకలు పసుపు! నిన్న ఒక పోరడు మెడకు పసుపు మెత్తుకొని వచ్చిండు."

"బతికిండా?" నోరు జారాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పేరు అడగలేదు, పోలీసుల మాట ఎత్తలేదు.

"మంచిగున్నడు. కుట్లేయించిన. నువ్వు గూడ నాతోని దిగు, కడిగి సూది ఏస్త."

అందరూ చూస్తుండగానే బస్సులో ఏడ్చేశాను.

ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టాక ఆమె మెల్లగా చెప్పింది: "వాడు గురువారం కుట్లిప్పించుకోను వస్తడు. నువ్వు శుక్రవారం రా. ఇద్దరు ఒక్కనాడు వద్దు."

ఆమె పేరు నేనూ అడగలేదు. ఇప్పటికీ అరచేతిలోని ఆ మచ్చ కనబడితే మనసులోనే ఆమెకు దండం పెట్టుకుంటాను. ఆమె చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం వినలేదు.

గురువారమే వెళ్లాను, వాడి కోసం అరడజను బత్తాయిలు పట్టుకుని.