పిల్లలతల్లి చీర

పాత బట్ట కొనడమంటే కొత్త బట్ట కొన్నంత తేలిక కాదు. కొత్త బట్టకు కొట్టువాడు జవాబు చెప్పాలి. పాతదానికి ఎవరిని పట్టుకుని అడుగుతాం? ఈ సంగతి కావలిలో జైతూన్‌బీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మొగుడు ఇమామ్ సాహెబ్ ఉన్నన్నాళ్లూ ఆయన దూది ఏకేవాడు, ఈమె పరుపులూ దిండ్లూ కుట్టేది. ఆయన పోయాక దూది ఏకే విల్లు గోడకెక్కింది, ఈమెకు సూది మిగిలింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి ఊళ్లోవాళ్లకు బొంతలు కుట్టిపెడుతూ, ఒక్క ముద్ద వండుకుని తింటూ బతుకుతోంది. పిల్లలు లేరు. పొద్దున లేచి కసువు ఊడ్చిన దగ్గర్నుంచి దీపం పెట్టేదాకా ఆ ఇంట్లో మాట వినపడదు. ఒక్కోసారి తన గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పిల్లిని తిట్టేది.

బట్ట దగ్గర మాత్రం మహా గడుసుది. పాత బట్టలకు సత్తు గిన్నెలిచ్చే చెంచమ్మ, జైతూన్‌బీ వీధి మలుపులో కనిపిస్తే చాలు, మూట బిగించి ముడేసేది.

“వచ్చినావా తల్లీ! నీకు బట్ట చూపించేదానికంటే పెళ్లికూతుర్ని చూపించేది మేలు,” అనేది.

అయినా జైతూన్‌బీ వదిలేది కాదు. చీరను వెలుతురుకు ఎత్తి పట్టేది. కుచ్చిళ్ల దగ్గర పలచబడిందా, మడతల వెంట చివికిందా అని చూసేది. ఏటవాలుగా లాగేది. కొస తడిపి పిండి, గంజి వదిలాక బట్ట అసలు రూపమేమిటో చూసేది. సముద్రపొడ్డు తుమ్మలపెంట వైపు నుంచి వచ్చిన మూటయితే ఉప్పుగాలి తిన్న బట్ట అని ముట్టేదే కాదు. చివరగా కళ్లు మూసుకుని రెప్పకు రాసుకునేది. రెప్పకు గరుకు తగిలితే పసిబిడ్డకు పనికిరాదని ఆమె లెక్క.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది, బిట్రగుంట నుంచి ఒక రైల్వే మనిషి కబురు తెచ్చాడు. బిట్రగుంటలో ఉండేది సుభాని, ఇమామ్ సాహెబ్ తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడింకా పాకుతున్నాడు. జైతూన్‌బీయే పెంచింది. రాత్రిళ్లు ఆమె చీర చెంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. లోకోషెడ్డులో ఉద్యోగం వచ్చింది, సుల్తాన్‌బీతో పెళ్లయింది, కాలనీలో ఇల్లిచ్చారు, రాకపోకలు తగ్గాయి. ఇప్పుడు కొడుకు పుట్టాడు.

“ఆదివారం బిడ్డను తొట్లో వేస్తున్నారంట. బొంత నిన్నే కుట్టి తెమ్మన్నారు,” అన్నాడు వచ్చినాయన.

జైతూన్‌బీ మొహం విప్పారింది. పసిబిడ్డకు మొదట తగలాల్సింది పాత బట్టే. అది ఇంటి పెద్దాడదాని చీరయితే మరీ మంచిది. సుభాని ఇంటికి తను కాక పెద్దది ఇంకెవరున్నారు?

“బొంతకు మంచి పిల్లలతల్లి చీరలు చూడమన్నారు. సుల్తాన్‌బీ వాళ్లమ్మ మరీ మరీ చెప్పి పంపినాది,” అని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు. పాపం, ఏం మోసుకొచ్చాడో ఆయనకు తెలియదు.

జైతూన్‌బీకి తెలిసింది. గొడ్రాలి చీర బిడ్డకు తగలనీయొద్దని. సుభాని భార్య సుల్తాన్‌బీకి తొలిచూలు నిలవలేదు, ఆ భయం ఉండడంలో తప్పులేదు. అయినా, ఆ మాట అంటున్నప్పుడు సుభాని అక్కడే ఉన్నాడా, విని ఊరుకున్నాడా అని మధ్యాహ్నందాకా అదే ఆలోచన. అన్నం వండుకోలేదు.

సరే, చీరలు చూడాలి. చెంచమ్మ మూటలో కావలసినన్ని ఉన్నాయి గానీ, అవి కట్టిందెవరో, కట్టినామె బతికుందో పోయిందో చెంచమ్మకే తెలియదు. బజారులో మల్లు గుడ్డ ఉంది. అది కొత్తది, గంజితో అట్టకట్టి ఉంటుంది, పసివాడికి కూడదు. ఇక మిగిలింది కిరాణా కొట్టు పద్మనాభయ్య భార్య సామ్రాజ్యం. నిండు ముత్తయిదువ, కన్న పిల్లలందరూ చల్లగా ఉన్నారు. జైతూన్‌బీ ఆ ఇంటికి వెళ్లి గడప బయట నిలబడి అడిగింది.

“దానికేం భాగ్యం జైతూనూ! రెండు తీసుకుపో. మా దిండ్లు కాస్త విప్పి కుట్టిపెట్టు, చాలు,” అని సామ్రాజ్యం ఉతికి మడతపెట్టిన నేత చీరలు రెండు తెచ్చి ఇచ్చింది.

ఇక్కడ జైతూన్‌బీ ఎప్పుడూ చేయని పని చేసింది. చూడలేదు. ఆ తల్లి ఎదుట ఆమె చీరను వెలుతురుకు పట్టి, లాగి, తడిపి చూడడానికి మొహమాటపడింది. చెంచమ్మ చూసుంటే నెత్తీనోరూ కొట్టుకునేది.

ఇంటికొచ్చి తొట్టి నీళ్లలో వేస్తే మొదటి చీర బంగారంలా నిలిచింది. రెండోదాంట్లోంచి గంజి దిగేకొద్దీ బట్ట కూడా దిగిపోయింది. పిండబోతే చేతిలోకి పీలికలొచ్చాయి. అప్పటికే శనివారం మధ్యాహ్నం. పోనీ అనుకుంటే చెంచమ్మ కూడా మూటతో అల్లూరు వెళ్లింది. సామ్రాజ్యం గడపకు మళ్లీ వెళ్లి, నీ చీర చివికిపోయిందమ్మా అని ఎట్లా చెబుతుంది?

ఉన్న చీరను రెండు ముక్కలు చేస్తే పైకీ కిందికీ సరిపోయింది. మధ్య పొరకు లేదు. జైతూన్‌బీ పెట్టె తెరిచింది. అడుగున ఆకుపచ్చ చీర ఉంది, కట్టీ కట్టీ వెన్నలా అయింది. వెలుతురుకు పట్టింది, రెప్పకు రాసుకుంది. వంక పెట్టడానికేమీ లేదు, కట్టినామెకు పిల్లలు లేరన్నది తప్ప.

“యా అల్లా, బిడ్డకు ఏమీ కానీబాకయ్యా,” అంటూ మధ్యలో పరిచింది. బట్ట లేక వేసిందో, మనసాగక వేసిందో ఆమెనడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. సందె వెలుగు ఉండగానే అంచులు కుట్టి మూసేసింది.

మర్నాడు పాసింజరు బండిలో బిట్రగుంట వెళ్లింది. ఇల్లంతా చుట్టాలు. సుల్తాన్‌బీ తల్లి బొంతను తిరగేసి మరగేసి చూసింది.

“ఎవరి చీరలివి?”

“కిరాణా కొట్టు సామ్రాజ్యమ్మవి. ఇంటినిండా పిల్లలు.”

“అన్నీ ఆయమ్మవేనా?”

“అన్నీ,” అంది జైతూన్‌బీ.

సుభాని పక్కనే ఉన్నాడు. “వదినా, అన్నం తిన్నావా?” అని మాత్రం అడిగాడు. బిడ్డను ఎత్తుకొమ్మని ఎవరూ అనలేదు. ఆమె చేతులు చాచలేదు. తిరుగు బండిలో కూర్చున్నాక భయం పట్టుకుంది. వాడికి జ్వరం వస్తే, దగ్గు వస్తే, అది తన చీరవల్లే. బిట్రగుంట నుంచి ఎవరు కనబడినా ముందు బిడ్డ ఎట్లా ఉన్నాడని అడిగేది.

వానలు వెళ్లాక ఒకరోజు సుల్తాన్‌బీయే బిడ్డను చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది.

“అక్కా, వీడు ఆ బొంత మీద తప్ప పడుకోడు. వేరేదాని మీద వేస్తే ఏడ్చి ఇల్లు పీకుతాడు. ఒక్కనాడు ఒళ్లు వెచ్చబడింది లేదు. ఆ చీరలిచ్చిన తల్లిని చూడాల, తీసుకుపో,” అంది.

చేసేదేముంది, తీసుకుపోయింది. సుల్తాన్‌బీ బిడ్డను సామ్రాజ్యం ఒడిలో పెట్టి దణ్ణం పెట్టింది.

“అంతా మీ చీరల చలవమ్మా.”

“నాదేముందే! నేనిచ్చింది ఒకటి ఎప్పుడో పెట్టెలో మగ్గిన...” అంటూ సామ్రాజ్యం తలెత్తింది. సుల్తాన్‌బీ వెనకాల, అరుగు కింద నిలబడ్డ జైతూన్‌బీ మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనబడిందో, మాట మింగేసింది. బిడ్డ తల నిమిరి, “నూరేళ్లు బతకరా నాయనా,” అంది.

“ఇంకొక బొంత కుట్టించుకుంటానమ్మా. మీ చీరే కావాల.”

“జైతూనుకు పంపిస్తాలే,” అంది సామ్రాజ్యం, బిడ్డవంకే చూస్తూ.

స్టేషనుకు నడుస్తుంటే సుల్తాన్‌బీ, “ఎంత చల్లని తల్లి అక్కా!” అంది.

“అవునమ్మా,” అంది జైతూన్‌బీ. బిడ్డ తల్లి భుజమ్మీంచి ఆమెనే చూస్తున్నాడు. బండి కదిలిపోయాక ఇంటికొచ్చి తలుపేసుకుని గట్టిగా ఏడ్చింది. వినేవాళ్లెవరూ లేరు గనక ఎంతసేపైనా ఏడవచ్చు.

మర్నాడు సామ్రాజ్యం చీరలు రెండు పంపింది. జైతూన్‌బీ ఈసారి మొహమాటపడలేదు. వెలుతురుకు పట్టింది, లాగింది, తడిపి పిండింది, రెప్పకు రాసుకుంది. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఒకటి కిందికి పరిచింది, రెండోది పైకని పక్కన పెట్టింది. కావలసినంత బట్ట ఉంది. అయినా లేచి వెళ్లి పెట్టె తెరిచి, మధ్య పొరకు తన చీర తీసింది.