రూపాయి ఫోను కోసం కడప దారిలో

కర్నూలు పాతబస్తీలో మేమిప్పుడు ఉంటున్న రెండు గదుల అద్దె ఇంటికి ఒక గురువారం సాయంత్రం మా మేనకోడలు హారిక వచ్చింది. కడపలో ఉన్న మా చెల్లెలు రుక్మిణి కూతురు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "మామా, ఆదివారం నువ్వు కడపకు రావాల. పదకొండుకంతా ఇంట్లో ఉండాల," అంది.

సంగతి ఏమిటంటే, హారిక పాఠాలు చెప్పే కాలేజీలోనే పనిచేసే ఒక అబ్బాయి, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దలు కుదిర్చిన సంబంధంలా కనిపించేట్టు ఇద్దరూ జాగ్రత్తగా ఏర్పాట్లు చేసుకున్నారు. అబ్బాయి తల్లిదండ్రులకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది నాయనమ్మకు. ఆదివారం వాళ్లంతా రుక్మిణి ఇంటికి వస్తున్నారు. మేనమామ ఎదురుగా కూర్చుంటే తప్ప ఆమె సంబంధం మాట ఎత్తదట. పదకొండు దాటితే అందరినీ లేపుకుని, రాజంపేటలో ఇంకో అమ్మాయిని చూడడానికి వెళ్లిపోతుందట.

"ఆయమ్మకు మనింటి మీద ఒక అనుమానం ఉండాది మామా."

"ఏమని?"

"బురుజింటోళ్లకు తలపొగరు శానా అని."

"అందులో అనుమానమెందుకు?" అన్నాను.

నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో మా ఇంటికి ఒక బురుజు ఉండేది. బురుజు ఇప్పుడూ ఉంది, మాది కాదు, అంతే. కొన్నవాళ్లు దాని పక్కనే సెల్ టవరు వేయించుకున్నారు. ఆ చుట్టుపక్కల ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆ మాట మా బురుజు నెత్తి మీదుగానే పోవాలి. నేను సెల్‌ఫోను కొనకపోవడానికి అది ఒక కారణం. ఇంకో కారణం, ఎవరో ఎక్కడో మీట నొక్కితే నేనిక్కడ ఉలిక్కిపడి లేవడం నాకు నచ్చదు. మా ఇంట్లో గంట మోగితే లేవడానికి వేరే మనుషులుండేవారు. నా భార్య ఒక ఫోను పెట్టుకుంది. అది ఆమె ఇష్టం.

హారిక తన పాత ఫోను తీసి నా ముందు పెట్టింది. "ఒక్క రోజుకు పెట్టుకో మామా."

"దారి పొడుగునా పబ్లిక్ ఫోన్లు ఉంటాయి. అవసరమైతే రూపాయి వేసి మాట్లాడతాను."

"యాడుంటాయి మామా?" అని నవ్వింది.

ఆ దారిన వెళ్లబోయే వాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు నేనిప్పుడు చెప్పగలను.

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు కర్నూలు బస్టాండులో ఉన్నాను. ఇస్త్రీ పంచె, ఇస్త్రీ చొక్కా, భుజం మీద జరీ కండువా. బస్టాండు మూలన పాత అద్దాల గది అలాగే ఉంది. అద్దం మీద పసుపు రంగు ఎస్టీడీ అక్షరాలు సగం రాలినా చదవడానికి వీలుగా ఉన్నాయి. లోపల ఒకతను కుర్చీలో కునుకు తీస్తున్నాడు. గోడల నిండా ఫోన్ల తొడుగులు వేలాడుతున్నాయి.

"ఫోను చేసుకోవాలి," అన్నాను.

"ఏ మోడలు?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"రూపాయి మోడలు."

అతను కళ్లు తెరిచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అది ఆగిపోయింది సార్. కవరు గూడా దొరకదు," అన్నాడు.

కడప ఎక్స్‌ప్రెస్ ఆరుకు కదిలింది. నాలుగు వందలిస్తే టికెట్టు పోను చిల్లర వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. నంద్యాలలో టీ కోసం పావుగంట ఆపారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. రెండూ వేడిగా ఉన్నాయి, సిఫారసు చేయవచ్చు. ఆ హోటలు స్తంభానికి ఎర్రటి రూపాయి డబ్బా కనిపించేసరికి నా ఛాతీ కొంచెం పొంగింది. దగ్గరికి వెళ్తే, రూపాయి వేసే సందులో రెండు అగరవత్తులు వెలుగుతున్నాయి. పైన దేవుడి క్యాలెండరు ఉంది.

"పనిచేస్తుందా?" అని హోటలాయనను అడిగాను.

"బాగా చేస్తాది సామీ. బూడిద కింద పడదు," అన్నాడు.

నా పక్క సీటులోకి నంద్యాలలో ఒకాయన ఎక్కాడు. పేరు ఖాదర్ బాషా, పరుపుల వ్యాపారం. కూర్చున్న అయిదు నిమిషాల్లో నేను ఎక్కడికి, ఎందుకు, ఏ ఇంటివాణ్ని అన్నీ రాబట్టాడు. నాకు ఫోను లేదని తెలిశాక మాత్రం నా జేబు వైపు పరీక్షగా చూశాడు.

"పోగొట్టుకున్యావా సామీ?"

"కొనలేదు."

"ఇంట్లో వాళ్లు కొనీలేదా?"

"నేనే వద్దన్నాను."

"అదృష్టవంతుడివి," అన్నాడు. అతని ఫోను అప్పటికి నాలుగోసారి మోగుతోంది. భార్య అట. తను ఎక్కడున్నాడో నాలుగు సార్లూ నాలుగు ఊళ్ల పేర్లు చెప్పాడు.

ఆళ్లగడ్డలో బస్సు ఆగితే కిటికీలోంచి ఇంకో డబ్బాను చూశాను. జిరాక్సు షాపు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. మంచి బరువైన ఫోను అది. ఈ కాలపు ఫోన్లు ఆ పనికైనా ఆగవు.

తొమ్మిదిన్నర వేళ, దువ్వూరు దాటాక, బస్సు నిలిచిపోయింది. ముందు కడప బండలు మోసుకొస్తున్న లారీ ఒకటి పక్కకు ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బండలు మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఎవరో రోడ్డుకు గచ్చు వేయిస్తున్నట్టు పరుచుకున్నాయి. డ్రైవరు కిందికి దిగి చూసి వచ్చి, గంట పైనే పడుతుందన్నాడు. ఆ తరవాత కడపకు ఇంకో గంట ప్రయాణం.

పదకొండుకు నేను కడపలో ఉండను. నాయనమ్మ లేస్తుంది. హారిక ఏమీ అనదు. అనకపోవడమే నాకు కష్టం.

ఖాదర్ బాషా ఫోను నా ముందుకు చాపాడు. "తీసుకో సామీ. ఎంతసేపైనా మాట్లాడు, దుడ్లేమీ పడవు."

"వద్దు. ఊరికే వచ్చేది మా ఇంట్లో తీసుకోం."

"పిల్ల పెండ్లి మాటలు గదా."

"అందుకే."

అతను నిట్టూర్చాడు. "అట్లయితే దిగు. ఆ మలుపు కాడ ఆడపిల్లోళ్ల హాస్టలు ఉండాది. వాళ్ల దగ్గర సెల్లు ఉండగూడదు. గేటు ముందర సువార్తమ్మ అంగట్లో రూపాయి ఫోను పెట్టినారు. పా, నేనూ వస్తా. ఈడ కూచుని చేసేదేముంది."

సువార్తమ్మ అంగడి రేకుల కొట్టు. చిక్కీలు, సబ్బులు, రిబ్బన్లు, గోడకు శిలువ, శిలువ కింద డబ్బా. డబ్బా ముందర పదిహేను మంది దాకా అమ్మాయిలు వరుసలో ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆరు దాకా వాళ్లు ఇంటికి మాట్లాడుకోవచ్చట. నేను తిన్నగా డబ్బా దగ్గరికి నడిచాను.

"పెద్దాయనా, లైను యాడ మొదలైతాదో చూసుకో," అంది సువార్తమ్మ, స్టూలు మీంచి లేవకుండా.

"నేను నందికొట్కూరు బురుజింటి..."

"ఉండు సామీ, బురుజింట్లో ఉండు. ఈడ మాత్రం లైన్లో ఉండు."

వెళ్లి చివర నిలబడ్డాను. మా వంశంలో వరుసలో నిలబడిన మొదటివాణ్ని నేనేనేమో. అక్కడ నిలబడితే అందరి కబుర్లూ వినవలసిందే. ఒకమ్మాయి వాళ్లమ్మకు గోంగూర ఊరగాయ పంపమని చెప్పింది. ఇంకొకమ్మాయి లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయని నాన్నకు చెబుతుంటే వెనకున్న వాళ్లంతా ముక్తకంఠంతో "అబద్ధం" అన్నారు.

నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఎవురికన్నా బాగలేదా సార్? అట్ల చెమటలు పడుతుండాయి."

"అందరూ బాగున్నారు. మా మేనకోడలి పెండ్లి మాటలు. పదకొండులోగా కబురు చెప్పకపోతే అవతలివాళ్లు లేచిపోతారు."

ఆ మాట వరుస వెంబడి పోయింది. క్షణంలో దారి ఏర్పడింది. సువార్తమ్మ కూడా చేతిలోని రిబ్బను పక్కన పెట్టింది. ఆ డబ్బాలో కొత్త రూపాయలు పట్టవు. సువార్తమ్మ కొత్తవి తీసుకుని పాతవి ఇస్తుంది, సాయంత్రం డబ్బా తెరిచి అవే తీసి మళ్లీ ఇస్తుంది. ఆ బిళ్లలు ఆ కొట్టు దాటి ఏ ఊరూ చూసి ఉండవు.

నంబరు కొట్టాను. మోగింది, మోగి ఆగింది. రూపాయి కింది గిన్నెలోకి తిరిగి వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ వచ్చింది.

"ముక్కూ మొగం తెలీని నంబరు యావరూ ఎత్తరు సామీ ఇప్పుడు," అన్నాడు ఖాదర్ బాషా.

మూడోసారి ఎత్తారు.

"యావనివిరా నువ్వు? ఊపిరాడనీకుండా మోగిస్తాండావు. నీ నోట్లో మన్నుబడ."

నన్ను 'ఒరే' అన్నవాళ్లలో ఆఖరివాడు మా తాత. ఆ గొంతు నా చెల్లెలిది.

"రుక్మిణీ, నేను. అన్నను."

"ఓ, అన్నవా. మా వీధిలో సారుకు పోయిన్నెల ఇట్లే ఒక తమ్ముడు ఫోన్ జేసినాడు, ఆస్పత్రిలో ఉండానని. నువ్వు యా ఆస్పత్రిరా?"

"ఆస్పత్రి కాదు. దువ్వూరు దగ్గర లారీ అడ్డం పడింది."

"లారీ కింద పడినావా. దుడ్లెంత పంపాల్నో చెప్పు."

మా తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు, బిరుదుతో సహా చెప్పాను. అవన్నీ తమ ఇంట్లో పటాల కింద రాసి ఉన్నాయని, గుమ్మంలో నిలబడిన ఎవడైనా చదువుకోవచ్చని ఆమె అంది. "అయినా మా యన్న ఫోన్ జేసే మనిషా? ఆయప్పకు ఫోనంటేనే గిట్టదు. సరిగ్గా కనుక్కోని మోసం చేయాల్రా."

వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "అమ్మా, ఆ స్పీకరు పెట్టు. ఈ దొంగోళ్ల మాట నేనెన్నడూ ఇనలేదు." నాయనమ్మ అని పోల్చుకున్నాను.

"సరే, నువ్వు మా యన్నవే అనుకుందాం," అంది రుక్మిణి. స్పీకరు పెట్టాక ఆమె గొంతుకు ఊపు వచ్చింది. "మీసాలొచ్చేదాకా మా యన్న దేన్ని జూస్తే జొన్నల గాదెలో దాంకుంటాండె? చెప్పు చూద్దాం."

తామెవరో రుజువు చేసుకోవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. డబ్బా కీచుమంది. రూపాయి అయిపోతోంది. సువార్తమ్మ తన చేత్తోనే ఇంకో బిళ్ల సందులో వేసింది.

"సీమకోడి," అన్నాను.

"ఇనపళ్లే."

"గట్టిగా చెప్పు సామీ, డబ్బా పాతది," అంది సువార్తమ్మ.

వరుసంతా గుసగుసలు మానేసింది. రోడ్డు మీద బండలు ఎత్తే చప్పుడు కూడా అప్పుడే ఆగింది. మా తాత ఎవరో దొర బంగళాలో చూసి ముచ్చటపడి, పెరట్లో పెంచడానికి తెప్పించిన టర్కీ కోడి అది. మెడ కింద ఎర్రటి తోలు వేలాడేది. ఉబ్బి, రెక్కలు నేలకు రాస్తూ నా వెంట పడేది.

"సీమకోడిని," అని అరిచాను. "సీమకోడిని చూస్తే దాక్కునేవాణ్ని."

ఇవతల ఒకమ్మాయి రిబ్బనుతో నోరు మూసుకుంది. తరవాత రుక్మిణి గొంతు సన్నగా వచ్చింది.

"అన్నా. నువ్వేనా? ముందే చెప్పకూడదా?"

"చెప్పాను."

అంతలో ఫోను చేతులు మారింది. "ఏమప్పా, బురుజింటాయనా," అంది ముసలి గొంతు, నవ్వుతో ఎగపోస్తూ. "నిదానంగా రా. రాజంపేట యాడికీ పోదు."

బస్సు దగ్గరికి తిరిగి వస్తుంటే ఖాదర్ బాషా, "నా సెల్లు తీసుకుని ఉంటే ఈ ముచ్చట మాకు దక్కేది గాదు సామీ," అన్నాడు. నేను కండువా సవరించుకున్నాను.

కడప చేరేసరికి పన్నెండున్నర. ఆటో వాడికి బేరం లేకుండా అడిగినంత ఇచ్చాను. నాయనమ్మ చాప మీద కాళ్లు చాపుకుని, ఏ తొందరా లేనట్టు వక్కలు కత్తిరిస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. వెన్ను నిటారుగానే ఉంది, అది నా అలవాటు.

"నీ కూర్చునే తీరు జూస్తే భయమే," అంది ఆమె. "మా పిల్లోణ్ణి చులకన జేస్తారని అనుకుంటి. ఊరంతా ఇనేట్టు సీమకోడని అరిచినోడు మమ్మల్నేం చులకన జేస్తాడులే."

తాంబూలాలు మార్చుకున్నాం. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నంతో భోజనం. హారిక నాకు వడ్డిస్తూ నా ముఖం వైపు చూడకుండా జాగ్రత్తపడింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పబ్లిక్ ఫోను ఖర్చెంత, ఉపయోగమెంత అని అడిగేవాళ్లకు నా లెక్క ఇది. ఖర్చు రూపాయి అంటారు. కాదు. పదిహేను మంది ముందు నిలబడి మాట్లాడడం దాని అసలు ఖర్చు. జేబులో సెల్లు ఉండి ఉంటే మలుపు చాటుకు వెళ్లి, 'ఆలస్యమవుతుంది' అని ఒక్క ముక్క చెప్పి, హుందాగా కడపలో దిగేవాణ్ని. నాయనమ్మ ఆ హుందాతనం చూసి రాజంపేట బస్సెక్కేది. ఉపయోగం సంగతి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

నాలుగు గంటలకు తిరుగు బస్సు ఎక్కాను. బండలు తీసేశారు, రోడ్డు ఖాళీగా ఉంది. హాస్టలు మలుపు వస్తుంటే కండక్టరును అడిగి దిగాను. అక్కడ స్టాపు లేదు. ఎందుకని అడిగితే ఫోను చేసుకోవాలన్నాను. అతను తన చేతిలోని ఫోను వైపు, నా వైపు చూసి ఈల వేశాడు.

ఈసారి ఎవరూ చెప్పకుండానే వరుస చివర నిలబడ్డాను. నా వంతు వచ్చాక కర్నూలులో నా భార్యకు చేశాను. మోగింది, మోగి ఆగింది. మూడు సార్లూ రూపాయి గిన్నెలోకి వచ్చి పడింది. తెలియని నంబరు ఎత్తవద్దని ఆమెకు కూడా ఎవరో బాగా నేర్పారు.

"ఎత్తలేదా సార్?" అంది వెనకున్న అమ్మాయి. పొద్దున నాకు దారి ఇచ్చినదే.

"ఎత్తలేదు."

"అయితే మాకన్నా చెప్పండి. కుదిరిందా?"

నేను రిసీవరు తగిలించి వరుస వైపు తిరిగాను. "కుదిరింది. మాఘమాసంలో," అన్నాను.

వాళ్లు చేసిన గోలకు గేటు లోపలి నుంచి వార్డెను కూడా బయటికి వచ్చింది. సువార్తమ్మ సీసా మూత తీసి అందరికీ తలా ఒక చిక్కీ పంచి, లెక్క నా వైపు తోసింది. నా భార్యకు ఆ కబురు ఆ రాత్రి నేను కర్నూలులో తలుపు తట్టాక గానీ తెలియలేదు. అప్పటికే ఆ హాస్టల్లో తెలియనివాళ్లు లేరు.