వణికిన అక్షరాలు

పిల్లల చదువులయ్యాక, నలభై ఆరేళ్ళ వయసులో కంప్యూటర్ నేర్చుకుని, ఏలూరులో ఒక ఆఫీసు ఉద్యోగం కోసం టైపింగ్ పరీక్షకు వెళ్ళాను. రెండో నిమిషంలోనే తెర మీద అక్షరాలు వణకసాగాయి. నా చూపే పోతోందనుకున్నాను. చెబితే వయసైపోయిందంటారని భయం. కళ్ళు నులుముకుంటూ తప్పుల మీద తప్పులు కొట్టాను. లేచి వెళ్ళిపోదామనుకుని కూడా, చివరికి పరీక్ష పెడుతున్న మేడంతో అనేశాను.

"ఏవండీ, నాకు అక్షరాలు కదులుతున్నాయండీ."

ఆవిడ వంగి చూశారు. "నాకూ కదులుతున్నాయండీ! మీ కళ్ళు కాదు, మానిటరే."

వెనక వదులైన కేబుల్ బిగించగానే తెర నిలకడగా నిలిచింది. "కంగారు పడకండి, మళ్ళీ మొదటినుంచి కొట్టండి" అన్నారావిడ.

ఈసారి తప్పులు మూడే. ఇప్పుడు రోజూ కైకలూరు నుంచి ఆ ఆఫీసుకే వెళుతున్నాను. ఆ రోజు నోరు విప్పకపోయి ఉంటే, లేని జబ్బును తలచుకుంటూ ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.